విప్రలంభమా? కరుణమా?
ఒక కంట్రీ పాట, విరిగిన మనసు, మెదడు శాస్త్రం

అమెరికాలో దూరప్రయాణాలు చేసే తెలుగువారికి కంట్రీ సంగీతం ఇష్టమున్నా లేకున్నా పరిచయమే. టెక్సస్ మైదానాల్లోనో, టెన్నెస్సీ కొండదారుల్లోనో రేడియో పెడితే పట్నంలో వినిపించే స్టేషన్లన్నీ ఒక్కటొక్కటిగా జారిపోయి, చివరికి ముక్కుతో పాడుతున్నట్టున్న ఒక గొంతు, దాని వెనుక జాలిగా సాగే ఒక తీగ స్వరం మిగులుతాయి. ఎక్కువ పాటల్లో వస్తువు ఒకటే: ఆమె వెళ్లిపోయింది, అతడు మరవలేకపోతున్నాడు. మొదట్లో నవ్వు తెప్పించే ఈ ఏకరువు వింటూ వింటూ ఉండగా మనసుకు పట్టుకుంటుంది. ఎందుకు పట్టుకుంటుందన్న ప్రశ్నకు గత పాతికేళ్లలో మెదడు శాస్త్రజ్ఞులు కొన్ని ఆసక్తికరమైన సమాధానాలు చెప్పారు.

ఆ సమాధానాలను పరీక్షించడానికి తగిన పాట ఒకటి ఉంది. 1980 ఏప్రిల్‌లో జార్జ్ జోన్స్ పాడగా విడుదలైన "హి స్టాప్డ్ లవింగ్ హర్ టుడే". బాబీ బ్రాడక్, కర్లీ పుట్మన్ అనే ఇద్దరు కలిసి రాశారు. మూడు నిమిషాలకు కాస్త పైబడిన పాట. కంట్రీ సంగీతంలో సర్వోత్తమమైన పాట ఏదని విమర్శకులను అడిగితే ఎక్కువసార్లు వినిపించే పేరు ఇదే. అమెరికా పార్లమెంటు గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2008 సంవత్సరపు జాతీయ ధ్వనిముద్రణల జాబితాలో దీనిని చేర్చింది.

కథ చిన్నది. ఒక మనిషి తన ప్రియురాలితో చచ్చేదాకా నిన్నే ప్రేమిస్తానంటాడు. ఆమె కాలం గడిస్తే అంతా మరుపున పడుతుందని వెళ్లిపోతుంది. కాలం గడుస్తుంది గాని అతడికి మరుపు రాదు. ఆమె ఫోటో గోడ మీదే ఉంటుంది. 1962 నాటి ఉత్తరాలు మంచం పక్కనే ఉంటాయి. వాటిలో ఆమె ప్రేమిస్తున్నానని రాసిన ప్రతి చోటా ఎర్రగీత. ఒకరోజు మిత్రుడు చూడడానికి వెళతాడు. కన్నీళ్లు లేవు, ప్రయాణానికి సిద్ధమైనవాడిలా మంచి బట్టల్లో ఉన్నాడు, ఎన్నో ఏళ్ల తర్వాత ముఖంలో చిరునవ్వు కనిపించింది. వినేవాడు సంతోషించబోయేలోగా పల్లవి వస్తుంది: తలుపుకు పూలచక్రం వేలాడదీశారు, కాసేపట్లో మోసుకుపోతారు. ఆమెను ప్రేమించడం అతడు ఈరోజుతో మానుకున్నాడు. చివర మాటగా చెప్పే భాగంలో ఆమె కూడా వస్తుంది, ఆఖరి చూపుకు.

పాట రికార్డయిన తీరు కూడా చెప్పుకోదగినదే. నిర్మాత బిల్లీ షెరిల్ కవులచేత మళ్లీ మళ్లీ రాయించాడు. జోన్స్‌కు మాత్రం ఈ పాట రుచించలేదు. ఇంత చావుకబురును డబ్బు పెట్టి ఎవరు కొంటారని విసుక్కున్నాడు. దానికితోడు అతడి సొంత జీవితం అప్పటికి అడుగంటి ఉంది. తోటి గాయని టామీ వైనెట్‌తో 1969లో జరిగిన పెళ్లి 1975లో విడాకులతో ముగిసింది. మద్యం, మాదకద్రవ్యాలు మనిషిని పీల్చివేశాయి. షెరిల్ చెప్పినదాని ప్రకారం అన్నిటికన్నా కష్టమైంది చివరి ఆ నాలుగు వాక్యాల మాట. తాగి ఉన్నా జోన్స్ శ్రుతి తప్పకుండా పాడగలిగేవాడట. మాటాడబోతే మాత్రం నాలుక మడతపడేది. ఇందులో వింత లేదు. పక్షవాతం వచ్చి మాట పడిపోయిన కొందరు రోగులు మాటగా చెప్పలేని వాక్యాన్ని పాటగా పాడగలుగుతారని వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. 1973లో బోస్టన్ వైద్యులు ఈ ఆధారంతోనే ఒక చికిత్సాపద్ధతిని రూపొందించారు. మద్యం మత్తు, పక్షవాతం ఒకటి కావు గాని, కంఠస్థమైన పదాలు, తాళం, రాగం కలిసినప్పుడు నోటికి ఒక ఊతకర్ర దొరుకుతుందన్నది రెండు చోట్లా నిజమే కావచ్చు. ఏమైనా, ఎవరూ కొనరన్న ఆ పాట 1980 జులైలో బిల్‌బోర్డ్ కంట్రీ జాబితాలో మొదటి స్థానానికి చేరింది. కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ వరుసగా రెండేళ్లు, 1980లోనూ 1981లోనూ, దీనికే ఉత్తమ గీతం బహుమతి ఇచ్చింది.

ఇక అసలు ప్రశ్న. పాటలోని మనిషి మెదడులో ఏమి జరుగుతూ ఉంటుంది?

మన అలంకారికులు ఎడబాటును రెండుగా విభజించారు. మళ్లీ కలుసుకుంటామన్న ఆశ మిగిలి ఉంటే అది విప్రలంభ శృంగారం; ఆ ఆశ పూర్తిగా నశిస్తే కరుణ రసం. బయటివారి దృష్టిలో పాటలోని నాయకుడిది కరుణమే. ఆమె వెళ్లిపోయింది, రాదు. కానీ లోపల మెదడు ఆ సంగతి ఒప్పుకుందా? 2010లో హెలెన్ ఫిషర్, లూసీ బ్రౌన్, ఆర్థర్ ఏరన్, వారి సహచరులు ప్రచురించిన పరిశోధన ఇక్కడ పనికివస్తుంది. ప్రేమించినవారు వదిలివేసినా ప్రేమ చావని 15 మందిని, పదిమంది స్త్రీలను, అయిదుగురు పురుషులను, వారు ఎన్నుకున్నారు. విడిపోయి సగటున 63 రోజులు. మేలుకుని ఉన్న సమయంలో నూటికి 85 వంతులకు పైగా ఆ మనిషి తలపులతోనే గడుస్తోందని వారు చెప్పుకున్నారు. వారిని మెదడులోని రక్తప్రసారాన్ని చిత్రించే ఎఫ్.ఎం.ఆర్.ఐ. యంత్రంలో పడుకోబెట్టి, ఒకసారి వదిలిపోయిన మనిషి ఫోటో, మరొకసారి తెలిసిన ముఖమే అయినా మమత ఏమీ లేని వేరొకరి ఫోటో చూపించారు. ఒక ఫోటో చూసిన ఉద్వేగం మరొకదానికి అంటకుండా మధ్యలో పెద్ద సంఖ్యనుంచి వరుసగా ఏడేసి తీసివేస్తూ లెక్క చెప్పమన్నారు. పాపం, విరిగిన మనసుతో తీసివేతలు కూడా!

ఫలితం ఊహించని వైపు నుంచి వచ్చింది. దుఃఖకేంద్రాలే కాకుండా, నడిమెదడు అడుగున డోపమీన్ అనే రసాయనాన్ని తయారుచేసే వెంట్రల్ టెగ్మెంటల్ ప్రాంతం చురుకుగా పనిచేస్తూ కనబడింది. సుఖంగా ప్రేమలో ఉన్నవారిలో వెలిగే ప్రాంతమే ఇది. దానికి తోడు కొకైన్‌కు అలవాటుపడినవారిలో మళ్లీ కావాలన్న తహతహ పుట్టినప్పుడు పనిచేసే భాగాలు కూడా మేలుకున్నాయి. డోపమీన్ అంటే సుఖరసం అని పత్రికలు రాయడం అలవాటు. అది పూర్తిగా సరికాదు. అది పొందిన సుఖం కన్నా పొందబోయే దానికోసం వేసే పరుగుకు ఎక్కువ సంబంధించినది. అంటే వదిలివేయబడిన మనిషి మెదడు ఇంకా వెతుకుతూనే ఉంది. అది ఉన్నది విప్రలంభంలో, కరుణంలో కాదు. ఆశ చచ్చిందని ఆ మనిషి నోటితో ఎన్నిసార్లు చెప్పినా, ఫోటో కంటపడగానే ఆ పాత యంత్రం గిర్రున తిరుగుతుంది.

గోడమీద ఫోటో, మంచం పక్కన ఉత్తరాలు అన్న రెండు వివరాలు చాలు, ఈ పాట రాసినవారు ప్రయోగశాల చూడకుండానే ఎంత పట్టుకున్నారో తెలియడానికి. వ్యసనం మాన్పించే వైద్యులు మొదట చెప్పేది సూచనలను దూరం చేయమని. సీసా కనిపిస్తే దాహం పుడుతుంది. ఆ వీధి మలుపు కనిపిస్తే కాలు అటే పోతుంది. పాటలోని మనిషి ప్రతి ఉదయం సూచనల మధ్యనే కళ్లు తెరుస్తున్నాడు. ఎర్రగీతలు గీయడం ఇంకా ప్రమాదకరం; ఒక జ్ఞాపకాన్ని తిరగదోడిన ప్రతిసారీ మెదడు దానిని మళ్లీ భద్రపరుస్తుంది. 2000లో కరీమ్ నాడర్, జోసెఫ్ లెడూ ఎలుకలమీద చేసిన ప్రయోగాలు, పైకి తీసిన జ్ఞాపకం కొద్దిగంటలపాటు పచ్చిమట్టిలా మెత్తబడి తిరిగి గట్టిపడుతుందని చూపాయి. పాటలోని మనిషి ఆ పచ్చిమట్టి మీద రోజూ అదే ముద్ర వేస్తున్నాడు. ఇప్పటి పిల్లలకు గోడ, ఉత్తరాలు అక్కరలేదు. జేబులోని ఫోన్లోనే వేయి ఫోటోలు ఉంటాయి. మూడేళ్ల కిందట ఇదే రోజున అంటూ ఆ యంత్రమే గుర్తుచేస్తుంది.

మరి ఎందుకు నొప్పి? గుండె మండింది, కడుపు రగిలింది, మనసు కోసుకుపోయింది అని తెలుగులో అన్నట్టే చాలా భాషల్లో శరీరబాధ పేర్లతోనే మనోబాధను చెబుతారు. ఇది అలంకారమేనా? 2003లో నయొమీ ఐసెన్‌బర్గర్ బృందం లాస్ ఏంజలస్‌లో ఒక కంప్యూటర్ ఆట ఆడించింది. తెరమీద ముగ్గురు బంతి విసురుకుంటారు. కాసేపటికి మిగతా ఇద్దరూ మనవాడికి బంతి ఇవ్వడం మానేస్తారు. నిజానికి ఆ ఇద్దరూ కంప్యూటర్ బొమ్మలే. అయినా వెలివేయబడ్డవారి మెదడులో, నొప్పిలోని బాధను నమోదుచేసే యాంటీరియర్ సింగ్యులేట్ భాగం స్పందించింది. 2011లో ఈథన్ క్రాస్ మరో అడుగు ముందుకు వేశాడు. గత ఆరు నెలల్లో తమకు ఇష్టం లేకుండా ప్రేమ తెగిపోయిన 40 మందిని పిలిచి, ఒకసారి ఆ మనిషి ఫోటో చూపించి, మరొకసారి ముంజేతికి వేడి తగిలించి చిత్రాలు తీశాడు. రెండు బాధలకూ కొన్ని భాగాలు ఉమ్మడిగా వెలిగాయి. పత్రికలన్నీ ప్రేమభంగం, కాలిన గాయం ఒకటేనని చాటాయి.

అయితే విజ్ఞానం అక్కడ ఆగలేదు. ఆగకపోవడమే దాని సుగుణం. 2011 పరిశోధనలో భాగస్వామి అయిన టార్ వేగరే, మరికొందరితో కలిసి 2014లో అదే విషయాన్ని సూక్ష్మమైన గణితంతో తిరిగి చూశాడు. వెలిగే వాడ ఒకటే గాని వెలిగే ఇళ్లు వేరని తేలింది. ఒకే వీధిలో పెళ్లివారిల్లు, చావుఇల్లు ఉన్నట్టు! కాబట్టి ప్రేమభంగం శరీరబాధకు పొరుగుది, అదే కాదు అనడం సరైన మాట. తలనొప్పి బిళ్ల అయిన అసిటామినోఫెన్, అంటే మన పారసిటమాల్, మూడు వారాలు వేసుకున్న విద్యార్థుల్లో మనసు నొచ్చుకోవడం కొంత తగ్గిందని 2010లో ఒక పరిశోధన వెలువడింది. దానిని చదివి బిళ్లలు మింగడం మొదలుపెట్టవద్దు. ఆ మందు మోతాదు మించితే కాలేయానికి చేటు.

దిగులుతో గుండె నిజంగా ఆగుతుందా అన్నది మరొక ప్రశ్న. పాటలోని మనిషి దేనివల్ల పోయాడో కవులు చెప్పలేదు. 1969లో బ్రిటిష్ వైద్యులు భార్యను పోగొట్టుకున్న 4,486 మంది మగవారి లెక్కలు పరిశీలించారు. అందరూ 55 ఏళ్లు దాటినవారు. భార్య పోయిన తొలి ఆరు నెలల్లో వారి మరణాలు మామూలుకన్నా నూటికి 40 ఎక్కువ; తర్వాత క్రమంగా సాధారణ స్థాయికి వచ్చాయి. ఇది ప్రేమభంగం కాదు, వైధవ్యదుఃఖం. కాని దుఃఖం రోగమై కూర్చోగలదనడానికి నిదర్శనం. 1990లో జపాన్ వైద్యులు 'టాకోట్సుబో' అనే స్థితిని వర్ణించారు. హఠాత్తుగా వచ్చిన దుఃఖానికో భయానికో ఒత్తిడి హార్మోన్లు వెల్లువెత్తి, గుండె ఎడమ జఠరిక కొస ఉబ్బి, మెడ సన్నగా అడుగు గుండ్రంగా ఉన్న కుండలా తయారవుతుంది. ఆక్టోపస్‌లను పట్టడానికి జపాను జాలరులు వాడే కుండ పేరే దానికి పెట్టారు. 2005లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు అటువంటి 19 మందిని వర్ణించారు. గుండెపోటు లక్షణాలే గాని రక్తనాళాల్లో అడ్డంకి లేదు. వారిలో ఒక్కరు తప్ప అందరూ స్త్రీలే. ఎక్కువమంది కొన్ని వారాల్లో కోలుకుంటారు. అయినా ఛాతీలో నొప్పి వస్తే అది దిగులే అనుకుని ఇంట్లో కూర్చోకూడదు; రెండింటినీ వేరుచేయగలిగింది ఆసుపత్రి ఒక్కటే.

పాట దగ్గరికి మళ్లీ వద్దాం. కంట్రీ పాటలో ఏడ్చే తీగ స్టీల్ గిటార్. ఇది పంతొమ్మిదో శతాబ్దం చివర హవాయి దీవుల్లో పుట్టింది. జోసెఫ్ కెకుకు అనే యువకుడికి ఆ ఘనత దక్కింది. వేళ్లతో మెట్లమీద నొక్కడానికి బదులు లోహపు కడ్డీని తీగలపై జార్చుతారు. తీగ మోగే పొడవు తగ్గేకొద్దీ స్వరం పెరుగుతుంది. కడ్డీ జారుతుంటే ఒక స్వరం నుంచి మరొక స్వరానికి మధ్యలోని స్థానాలన్నీ తాకుతూ పోతుంది. మన గోటువాద్యం పనిచేసేదీ ఇదే సూత్రంతో. తర్వాత దానికి కాలి పెడళ్లు అమర్చారు. పెడల్ తొక్కితే ఎంచుకున్న తీగ బిగుసుకుని స్వరం పైకి జరుగుతుంది. 1954లో వెబ్ పియర్స్ పాటలో బడ్ ఐజక్స్ ఆ విద్య చూపించాక నాష్‌విల్ అంతా దానివెంట పడింది. వీణమీద వైణికుడు తీగను పక్కకు లాగి బిగువు పెంచి గమకం పలికిస్తాడు. అంటే పొడవు మార్చే గోటువాద్యం, బిగువు మార్చే వీణ, రెండూ పెడల్ స్టీల్ గిటార్లో ఒకేచోట కాపురం చేస్తున్నాయన్న మాట. గమకానికి అలవాటుపడిన తెలుగు చెవికి కంట్రీ పాట త్వరగా దగ్గరవడానికి ఇది ఒక కారణమేమో. జార్చే గిటార్‌తో హిందుస్తానీ సంగీతం వినిపించిన విశ్వమోహన్ భట్, అమెరికన్ గిటారిస్ట్ రై కూడర్‌తో కలిసి చేసిన ఆల్బమ్‌కు 1994లో గ్రామీ అందుకున్నారు.

విషాదానికి మైనర్ స్కేల్, ఆనందానికి మేజర్ స్కేల్ అని పాశ్చాత్య సంగీత పాఠాల్లో చెబుతారు. జోన్స్ పాట మేజర్లో ఉంది! మన పరిభాషలో ఆ స్వరాలు శంకరాభరణానివి. మరి దిగులు ఎక్కడినుంచి వచ్చింది? 2003లో పాట్రిక్ యూస్లిన్, పెట్రి లౌక్కా అనేకమంది పరిశోధనలను కలిపి చూసి, దుఃఖంలో ఉన్న మనిషి మాటకూ దుఃఖగీతానికీ గుర్తులు ఒకటేనని తేల్చారు: నెమ్మదైన నడక, తగ్గిన బిగ్గరతనం, పెద్దగా ఎగసిపడని స్వరం. జోన్స్ గొంతులో ఇవన్నీ ఉన్నాయి. మాట చివర స్వరాన్ని జార్చి వదిలే అతడి పద్ధతి ఏడుపు ఆపుకుంటున్నవాడి గొంతుకు అతి సమీపం. స్కేల్ ఏదైనా చెవి పోల్చుకునేది ఆ గొంతునే.

ఇంత ఏడిపించే పాటను డబ్బిచ్చి ఎందుకు కొన్నారు? జోన్స్ వేసిన ఈ ప్రశ్న నిజానికి చాలా పాతది. శోకం రసమెలా అవుతుందని మన ఆలంకారికులు శతాబ్దాలపాటు వాదించుకున్నారు. ఉన్నది కరుణ రసమొక్కటేనని భవభూతి తేల్చేశాడు. 2014లో లిలియా తరుఫి, స్టెఫాన్ కోల్ష్ 772 మందిని ప్రశ్నించినప్పుడు, విషాద సంగీతం వింటే ఎక్కువగా కలిగేది విషాదం కాదని, గడిచిపోయిన రోజులపై తీపిబాధ అని తెలిసింది. ఒంటరితనంలోనూ ప్రేమ విఫలమైనప్పుడూ అటువంటి పాటలను వెతుక్కుంటామని చాలామంది చెప్పారు. ఒహాయోకు చెందిన డేవిడ్ హ్యూరన్ 2011లో ఒక ముచ్చటైన ఊహ చేశాడు: ఏడుపు వచ్చినప్పుడు ఓదార్పుగా శరీరం ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ను విడుదల చేస్తుందని, విషాదగీతం విన్నప్పుడు అసలు నష్టం లేకుండానే ఆ ఓదార్పు దక్కుతుందని. ఊహ బాగున్నా తర్వాతి పరీక్షల్లో బలపడలేదు. రసానుభవాన్ని ఒక హార్మోన్‌కు అప్పజెప్పడం కుదిరే పని కాదేమో.

ఇక్కడ తల్లిదండ్రులు కొందరిని కలవరపెట్టిన ఒక వార్త గురించి చెప్పాలి. 1992లో స్టీవెన్ స్టాక్, జిమ్ గుండ్లాక్ అనే సమాజశాస్త్రజ్ఞులు 49 అమెరికన్ నగర ప్రాంతాలను పోల్చి, రేడియోలో కంట్రీ పాటలు ఎక్కువగా వినిపించే చోట శ్వేతజాతీయుల ఆత్మహత్యలు ఎక్కువని రాశారు. 2004లో వారికి హాస్య నోబెల్‌గా పేరుపడ్డ ఇగ్ నోబెల్ బహుమతి వచ్చింది. నవ్వుకు మించిన సంగతి ఏమిటంటే, 1994లోనే వేరే పరిశోధకులు మళ్లీ లెక్కవేసి ఆ సంబంధం తమకు కనబడలేదన్నారు. పైగా రెండు విషయాలు ఒకే ఊళ్లో ఎక్కువగా ఉన్నంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణం కాదు. గొడుగులు ఎక్కువ అమ్ముడైన నెలలో జలుబులు పెరిగితే గొడుగును నిందిస్తామా? పాటను నిందించడం తేలిక. పాట వింటున్న పిల్లవాడి పక్కన కూర్చోవడం కష్టం. అతడి మాటల్లో చావు ప్రస్తావన వస్తే మాత్రం తేలికగా తీసుకోకూడదు. అమెరికాలో ఏ వేళనైనా సహాయం అందించే 988 నంబరు 2022 నుంచి పనిచేస్తోంది.

మన కుటుంబాల్లో ఈ విషయం రెండు తరాల మధ్య ఇబ్బందిగా మారడానికి కారణం ఉంది. పెద్దలకు ప్రేమభంగమంటే 1953 నాటి 'దేవదాసు', అక్కినేని, ఘంటసాల. అది తెరమీద చూసి ఏడ్చేది, ఇంట్లో జరిగేది కాదు. కళాశాల వసతిగృహం నుంచి కొడుకో కూతురో డీలాపడిన గొంతుతో ఫోన్ చేసినప్పుడు నోటికొచ్చే మొదటి మాట, మరిచిపో అని. 1987లో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో డేనియల్ వెగ్నర్ కొందరు విద్యార్థులకు తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని చెప్పి కూర్చోబెట్టాడు. వారికి మాటిమాటికీ అదే గుర్తుకొచ్చింది; ఆ కట్టడి తీసేశాక ఇంకా ఎక్కువ వచ్చింది. మరిచిపో అన్న సలహా ప్రేమతో ఇచ్చినా ఫలితం ఇంతే. ఇంతకంటే మంచి సంబంధం వస్తుందన్న మాట అంతకన్నా మేలైనది కాదు. వెతుకుతున్న మెదడుకు కావలసింది సంబంధం కాదు, ఆ మనిషి.

మరి పనికొచ్చేదేమైనా ఉందా? 2018లో మిస్సోరి విశ్వవిద్యాలయం సెయింట్ లూయిస్ శాఖలో శాండ్రా లాంగ్స్‌లాగ్ 24 మంది భగ్నప్రేమికులకు మూడు ఉపాయాలు చెప్పి చూసింది. మొదటిది, వదిలిపోయినవారి లోపాలను తలచుకోవడం. రెండోది, నా మనసులో ప్రేమ ఇంకా ఉంది, ఉంటే తప్పులేదని ఒప్పుకోవడం. మూడోది, వేరే సంగతులవైపు ధ్యాస మళ్లించడం. మూడింటిలోనూ ఫోటో చూసినప్పుడు మెదడు విద్యుత్తరంగాల్లో ఆ ముఖంపట్ల పట్టింపు తగ్గింది. లోపాలు తలచుకున్నవారికి ప్రేమ తగ్గింది గాని మనసు చేదైంది. ధ్యాస మళ్లించుకున్నవారికి మనసు తేలికపడింది గాని ప్రేమ అలాగే ఉంది. మూడూ తలో కొంత పనిచేస్తాయి, ఏదీ మంత్రం కాదు. స్నేహితులు తిట్టించేది మొదటిదానికోసం, అమ్మ పిండివంటలు పంపేది మూడోదానికోసం అని సర్దుకోవచ్చు.

పాటలోని ప్రియురాలు చెప్పిన మాట, కాలం మాన్పుతుందన్నది, శాస్త్రం చాలావరకు ఒప్పుకుంటుంది. ఫిషర్ పరీక్షలోనే, విడిపోయి ఎక్కువ రోజులైనవారిలో మమకారానికి సంబంధించిన ఒక భాగం చురుకుదనం తగ్గి కనిపించింది. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం విద్యార్థులను కొన్ని నెలలు వెంబడించి 2008లో ప్రచురించిన పరిశోధనలో, విడిపోతే ఎంత బాధపడతారో ముందే ఊహించి చెప్పమంటే, గాఢంగా ప్రేమించినవారే ఎక్కువగా తప్పారు. ఊహించినంత బాధ వారికి కలగలేదు. ప్రెయిరీ వోల్ అనే చిన్న గడ్డిమైదానపు జంతువు ఎలుకజాతిదే అయినా జంట కట్టి బతుకుతుంది. జోడీని వేరుచేస్తే మగది నీటిలో పడినా ఈదే ప్రయత్నం తగ్గించి తేలుతూ ఉండిపోతుందని, దానికి మెదడులోని ఒత్తిడి రసాయనం కారణమని 2009లో తేలింది. 2024లో కొలరాడో విశ్వవిద్యాలయంలో జోయి డొనాల్డ్‌సన్ బృందం ఈ జీవులు జోడీని చేరడానికి అడ్డుతలుపు దాటుతున్నప్పుడు డోపమీన్ ఎలా ఎగుస్తుందో కొలిచింది. నాలుగు వారాలు విడదీసి మళ్లీ కలిపాక, వోల్‌కు పాత జోడీ గుర్తుంది. కాని ఆ డోపమీన్ ఉప్పెన దాదాపు లేదు. కొద్దికాలమే బతికే జీవికి నాలుగు వారాలంటే తక్కువేమీ కాదు. మరుపు, మానుకోవడం రెండూ వేర్వేరు పనులని దీన్నిబట్టి తోస్తుంది: జ్ఞాపకం ఉండగానే తహతహ పోవచ్చు. మనుషుల్లో ఇది ఇంతే తేటగా జరుగుతుందని ఇంకా ఎవరూ రుజువు చేయలేదు. జరగనివారు కొందరుంటారు, ఏళ్లు గడిచినా గాయం పచ్చిగానే ఉండేవారు, పాట వారిది.

ఆ పాట పాడినవాడు మాత్రం వారిలో లేడు. జార్జ్ జోన్స్ 1983లో నాన్సీ సెపుల్‌వాడోను పెళ్లాడాడు. 1999లో నాష్‌విల్ వద్ద కారు ప్రమాదంలో చావుదాకా పోయివచ్చి, మద్యం మానేశాడు. టామీ వైనెట్‌తో కలిసి 1995లో మళ్లీ ఒక ఆల్బమ్ కూడా పాడాడు; ఆమె 1998లో కన్నుమూసింది. జోన్స్ 2013 ఏప్రిల్ 26న, 81వ ఏట మరణించాడు. గ్రాండ్ ఓల్ ఆప్రీ భవనంలో జరిగిన అంత్యక్రియల సభలో ఆఖరున అలాన్ జాక్సన్ ఈ పాటే పాడి, టోపీ తీసి గుండెమీద పెట్టుకున్నాడు. నాష్‌విల్ శ్మశానవాటికలో జోన్స్ సమాధిమీద నిలిపిన రాతికట్టడం మీద ఆ పాట పేరే చెక్కి ఉంది.